ఉల్లిపొట్టు రంగు

మళ్ళీ రాశాను పట్టీ,
కరెంటు బిల్లు వెనక, పెన్సిలుతో.
ప్రాసెసరు: పన్నెండు కోర్లు చాలు, పదహారు మోజు.
మెమరీ: అరవై నాలుగు జీబీ. ఇందులో బేరం లేదు.
చురుగ్గా అందించే డ్రైవు ఒకటి, బద్ధకంగా దాచేది మరొకటి;
వంటింట్లో బియ్యం డబ్బా, స్టోరులో బస్తా, అదే లెక్క.
పవర్ సప్లై దగ్గర పీనాసితనం పనికిరాదని
మా అక్క కొడుకు ధీమంత్ ఉవాచ.
వాడికి పదిహేడేళ్ళు. పెట్టెకి గాజు తలుపు ఉండాలట,
లోపల ఫ్యాన్లు రంగులు మార్చుకుంటూ తిరగాలట.
పెళ్ళిపందిరికేసినట్టు దీనికెందుకురా సీరియల్ బల్బులు అంటే
నవ్వి వదిలేశాడు కానీ
గ్రాఫిక్స్ కార్డు ఎదురుగా మాత్రం
పద్దెనిమిది వందల డాలర్లు అని
నా పెన్సిలు లాక్కుని నిబ్బరంగా వేశాడు.

జీలాంగ్‌లో జూన్ నెల.
అయిదు కొట్టేసరికి అఖాతం మీద వెలుతురు
కడిగిన పలకలా ఉంటుంది.
వారమంతా ల్యాబులో నెత్తురు సీసాలకి చీటీలు అంటిస్తాను,
శని, ఆదివారాలు ఓణీల ఫంక్షన్లకి కెమెరా మోస్తాను.
రాత్రి పాత ల్యాప్‌టాప్ తెరిస్తే
కుక్కరులా రొద, విజిలు మాత్రం రాదు.
మూడు నిమిషాల ముక్క బయటపడేలోగా
పప్పు ఉడికి, చల్లారి, మళ్ళీ వేడెక్కుతుంది.

అయినా దానికోసం కాదు ఈ ఖర్చు.
పోయిన నెల లారా నుంచి సౌదామిని గారి ఫోను:
"అంతా బాగుందమ్మాయ్, పాటలూ బాగా కుదిరాయి,
కానీ మా పిల్ల ఓణీ ఉల్లిపొట్టు రంగు కదా,
ఇటుకపొడి చేశావేమిటి?"
నా తెర మీద అది ఉల్లిపొట్టే. ఒట్టు.
ఆవిడ టీవీలో ఇటుక.
వాళ్ళాయన ఫోనులో చిలగడదుంప.
ఎవరి తెర అబద్ధమాడిందో
తేల్చే పెద్దమనిషి ఎవరు?

నార్లేన్‌లో ఒక గ్యారేజీలో దొరికాడు.
డెస్మండ్, డెబ్బై దాటిన మనిషి,
మూతపడ్డ అచ్చాఫీసు మానిటరు అమ్ముతున్నాడు.
ఉన్ని మిల్లులో రంగుతొట్ల దగ్గర ముప్పయ్యేళ్ళట,
గోళ్ళ మొదళ్ళలో ఇంకా నీలిమందు ఉందేమోనని చూశాను. లేదు.
ఎన్ని రంగులు చూపిస్తుంది అని అడిగితే
కాగితం చూసి "నూరు కోట్లు" అన్నాడు.
కళ్ళజోడు తీసి
"గుడ్డ తెచ్చావా?" అన్నాడు.

తెచ్చాను. సౌదామిని గారిని అడిగి తెచ్చుకున్న జాకెట్టు ముక్క.
ట్యూబులైటు కింద చూడనే లేదు,
ఏ గుడ్డా అక్కడ నిజం చెప్పదట.
గుమ్మం దాకా నడిచి, మబ్బు వెలుతురులో పరిచి,
ఏటవాలుగా, తిన్నగా, మళ్ళీ ఏటవాలుగా.
దీన్ని మీ భాషలో ఏమంటారు?
ఉల్లిపొట్టు రంగు.
"ఏ పొట్టు? పైదా, లోపలిదా?"

పుట్టి నలభై రెండేళ్ళు,
ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

దారంతా స్టీరింగు మీద వేళ్ళు లెక్కపెట్టాయి:
నూరు కోట్లలో మామిడిచిగురు ఎన్నోది?
నెమలికంఠం, గచ్చకాయ, వంకాయపువ్వు,
మా పిన్ని ఒక్కతే అనే పిల్లికళ్ళ పసుపు?
వెనక సీట్లో పాత దుప్పటి కప్పుకున్న మానిటరు
ప్రతి మలుపుకీ కాస్త జరిగి
ఏమీ చెప్పలేదు.

పద్దెనిమిది వందలు కొట్టేశాను.
ఆరు వందల కార్డు చాలు, ఆలస్యమైతే కానీ,
పప్పు ఇంకోసారి వేడి చేసుకుంటాను.
గాజు తలుపు పోయింది, నల్లరేకు వచ్చింది.
ధీమంత్ రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు సాయంత్రం
కిటికీ దగ్గర మానిటరు పెట్టుకుని
ఉల్లిపాయ ఒలుస్తున్నాను,
ఒక్కో పొరా తెర అంచున ఆనించి చూస్తూ.
కళ్ళు ధారగా కారుతున్నాయి.
వాడు గుమ్మంలో ఆగి
"కార్డు కోసమే కదూ, పిన్నీ?" అన్నాడు.
అవుననలేదు, కాదనలేదు.
రెండో పొర దగ్గర చెయ్యి ఆగింది.