పావు గీత

ఏడో నంబరు ఫోను నాది.
ఎనిమిది కొట్టకముందే ఎర్రదీపం మిణుకుతుంది.
బయట సున్నాకి ఇరవై రెండు కింద.
సెయింట్ జాన్ నది గడ్డకట్టి, అవతల కెనడా దాకా
ఒకటే తెల్లటి నేల.
సరిహద్దు ఎక్కడుందో సరిహద్దుకే తెలీదు.

"ఆయిల్ సాయం ఇస్తారట" అన్నాడు ముసలాయన.
పేరు అడెలార్ ఊలెట్. ముప్పై ఒక్క ఏళ్ళు
బంగాళాదుంపల గోదాములో పని.
చలికి దుంపలు పాడవకుండా
రాత్రంతా పొయ్యి రాజేసేవాణ్ణి అన్నాడు, నవ్వుతూ అనుకుంటా.
నవ్వుకీ వణుకుకీ ఫోనులో తేడా తెలియదు.

ఫారం ముందుంది. అడగాలి.
ఇంట్లో ఎందరు? ఒక్కణ్ణే.
పెన్షను ఎంత? చెప్పాడు, సెంట్లతో సహా.
ఇల్లు సొంతమా? కప్పు బ్యాంకుది, కారడం నాది.
ఎన్ని గదులు వెచ్చగా ఉంచుతారు?
అక్కడ కాసేపు ఆగాడు.
"గదులా అమ్మా... వంటిల్లు ఒకటే.
గుమ్మానికి గుర్రం దుప్పటి మేకులేసి కొట్టాను.
పడగ్గదిలో ఇప్పుడు క్యారెట్లు నిద్రపోతున్నాయి."

ఆ తర్వాతదే పన్నెండో ప్రశ్న.
ట్యాంకులో ఎంతుంది?
పావు గీత దిగితే అత్యవసరం,
గురువారానికల్లా లారీ వెళ్తుంది.
పైన ఉంటే మామూలు వరస.
ఆ వరస ఈ ఏడు మార్చి దాకా కదలదు.

"ఉండండి, సెల్లార్లోకి దిగి చూసొస్తా."
మెట్లు వినిపించాయి. పదకొండు. ఒక దగ్గు.
మళ్ళీ పదకొండు, ఈసారి పొడుగ్గా.
"పావుకి గోరంత పైన!" అన్నాడు
పరీక్ష గట్టెక్కిన పిల్లాడి గొంతుతో.
"నవంబరు నుంచీ యాభై రెండు దాటనివ్వలేదు మీట.
టోపీతోనే పడుకుంటా. అందుకే మిగిలింది."

గోరంత.
దానికోసం ఎన్ని రాత్రులు ముడుచుకు పడుకున్నాడో
రాయడానికి ఫారంలో గడి లేదు.
బారెడు కాల్చినవాడికి గురువారం లారీ.
గోరంత దాచినవాడికి మార్చి.

ఎదురు గోడ మీద మా సూపర్‌వైజర్ అతికించిన కాగితం:
అర్హత విషయంలో సలహాలు ఇవ్వరాదు.
పెద్ద అక్షరాలే. నా చూపు కూడా బాగానే ఉంది.

మా నాన్న ఆయిల్ లారీ తోలేవాడు.
శనివారాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు:
ఆ గేజీ ఉంది చూశావూ నోయెల్లా,
గాజు బుడ్డిలో ఎర్ర బిళ్ళ,
తుప్పుకి అంటుకుని పైనే వేలాడుతుంది.
పరువుగల మనిషిలా
ఉన్నదానికంటే ఎక్కువ చెబుతుంది.
వేలితో తడితే గానీ నిజం ఒప్పుకోదు.

"ఊలెట్ గారూ," అన్నాను, గొంతేమీ తగ్గించకుండా,
"ఇంకొక్కసారి దిగగలరా?
ఆ బుడ్డిని వేలి కణుపుతో తట్టండి. రెండు మూడు సార్లు.
తర్వాత ఏది కనిపిస్తే అదే చెప్పండి."

పదకొండు మెట్లు.
పక్క కుర్చీలో రోలాండ్ పెన్ను నమలడం ఆపి నా వైపు చూసింది.
దూరంగా టక్కు టక్కుమన్నది అతని ట్యాంకో,
నా వేలు తట్టిన ఈ బల్లో,
ఇప్పటికీ చెప్పలేను.

"పడింది" అన్నాడు.
సంతోషం లేదు. దొంగ దొరికినట్టుంది, ఆ దొంగ తనే అయినట్టుంది.
"అడుగు దాకా పడిపోయింది.
మరి ఇన్నాళ్ళూ నేను దాచిందేమిటి?"

పన్నెండో గడిలో టిక్కు పెట్టాను.
గురువారం. నూరు గ్యాలన్లు.
లారీ గొట్టం చేరేలా దారి తీసి ఉంచాలి, అది నిబంధన.
"ఇప్పుడే తీస్తా."
ఇప్పుడు కాదండీ, గురువారం.
అప్పటికే వెళ్ళిపోయాడు,
ఫోను పెట్టడం మరిచి.

గాలి వినిపించింది. మంచు మీద పార.
ఎర్రదీపం మళ్ళీ మిణుకుతోంది, ఎవరో ఎదురుచూస్తున్నారు.
అయినా ఆ ఖాళీ వంటింట్లోకి అరిచాను,
ఆఫీసంతా తిరిగి చూసేలా:
తలుపు! తలుపు వేసుకోండి ముందు!