పిడికెడు బియ్యం లెక్క

సంఘం బీరువాల చెదలు తినంగ మిగిలిన
స్త్రీల సమాజం లెక్కల పుస్తకం.
మా నాయనమ్మ దీనమ్మకు అక్షరం ముక్క రాదు,
ఆమె చెప్తుంటే సమాధానం పంతులు రాసిండు.
పేజీ తిప్పితే ఇప్పటికీ
ముక్కిన బియ్యం వాసన.

ఎసట్ల పోసే ముందు పూటపూటకూ
పిడికెడు తీసి వేరే కుండల వేసేటోళ్లు, దేవుని పేరు మీద.
జొన్న గటుక తాగే ఇండ్లల్ల అవి జొన్నలే,
పేరుకు మాత్రం పిడికెడు బియ్యం.
ఆదివారం కొలిచి అమ్మితే
గుడి దీపానికి కిరసనాయిలు,
పంతులుకు చెప్పులు,
కుంటి యోబుకు కంబడి.

ఒక వరుస కాడ నా వేలు ఆగింది:
కాతమ్మ తల్లి చావుకు, రెండు శేర్లు.

కాతమ్మంటే కెటరీనా.
కెనడా గోధుమ చేన్ల నుంచి మర్రిగూడకు
మందుల పెట్టెతోని వచ్చిన నర్సు.
నోరు తిరగక మావోళ్లు కాతమ్మను జేసిండ్రు.
సైకిలు మీద తండాలు తిరిగి పురుళ్లు పోసేది,
పొద్దుగూకినంక బంగళాల
పెద్ద బల్ల ముందు ఒక్కతే కూసోని తినేది.
మాకు నేర్పినవాటిల్ల ఇదొకటి:
చచ్చినోళ్ల మీద పడి శోకాలు తీయొద్దు,
నిరీక్షణ ఉన్నోళ్లం మనం.

ఆ బుధవారం కూడిక మా ఇంట్ల.
ఓడల, రైల్ల, ఆఖరుకు ఎడ్లబండిల
మూడు నెలలు వచ్చిన ఉత్తరం
ఆమె గౌను జేబుల ఉంది. ఎవ్వరికీ చెప్పలే.
ప్రార్థన వంతు ఆమె దాకా వచ్చింది.
'ప్రభువా' అన్నది.
తర్వాత తెలుగు దొరకలే.
జొరానికి, పుండుకు, రక్షణకు పనికొచ్చిన భాష
అమ్మ కాడికి పోలేకపోయింది.

లాంతరు చుట్టూ అందరూ కండ్లు మూసుకొనే ఉన్నరు.
నాయనమ్మ ఒక్కతే తెరిచింది.
ఉత్తరం పట్టుకున్న చెయ్యి చూసింది.
'మీ అమ్మ పేరేందే బిడ్డా?'
అప్పటిదాకా అమ్మగారూ అని తప్ప పిలువని మనిషి.
'మర్గరేత.'

ఇగ కట్ట తెగింది.
ఓ మర్గరేతక్కా,
మంచు కింద మన్నువైతివా,
ఏడు నీళ్ల అవతల బిడ్డనిడిసి
ఎవరికి అప్పజెప్పి పోతివే అక్కా, అని
మొగం తెల్వని మనిషికి వరస కలిపి
మెడ పట్టుకొని గొంతెత్తింది.
ఎస్తేరమ్మ అందుకున్నది.
బాలింత తబిత చంటిదాన్ని ఒళ్లె వేసుకొనే ఏడ్చింది.
కాతమ్మ ముందు చెక్క తీరు బిగుసుకున్నదట.
తర్వాత తన భాషల ఏదో అరిచింది.
ఒక్క ముక్క ఎవరికీ తెల్వదు,
మల్ల చెప్పమని ఎవరూ అడగలే.

చావు ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు.
బంగళా వంటమనిషి గఫార్ సాబును ఊకోమని
రెండు పూటలు గూడెం నుంచే బువ్వ పోయింది.
మూడో పూటకు ఆమే నడిచొచ్చింది.
గోనెసంచి మీద కూసున్నది.
మా చేదబాయి నీళ్లు కాగబెట్టకుండనే తాగింది,
పండ్లు పచ్చబడే, ఎముకలు వంగే అవే నీళ్లు.

ఇరవై ఏండ్లకు ఊరు ఇడిసి పోయేనాడు
ఆమె మోకాళ్లు కూడ మావోలెనే బిగిసినయట.
దానికి మందు ఆమె పెట్టెల లేదు.

పుస్తకంల రెండే గడులు: జమ, ఖర్చు.
ఆ రెండు శేర్లను పంతులు ముందు ఖర్చుల రాసిండు.
కొట్టేసిండు.
జమల రాసిండు.
అదీ కొట్టేసి
రెండింటి నడుమ గీత మీద
సన్నగ, వంకరగ ఇరికిచ్చిండు.
నాయనమ్మ తొందర పెట్టిందేమో,
యాడనో ఒక్కాడ రాయి పంతులూ,
అవతల ఎసరు మసులుతున్నది.