చేతన్ వద్దన్న తీరం

జయనగర్ నాలుగో బ్లాకులో
జిరాక్సు షాపు పక్క మెట్లెక్కితే ఒకటే గది.
చేతన్ మా ముందు ద్వీపం పటం పరిచాడు.
మూలలు లేవకుండా
పైన స్టేప్లరు, కింద కాఫీ గ్లాసు పెట్టాడు.
"ఐదు రాత్రులు మేడం. బీచ్ మాత్రం మీరే తేల్చుకోవాలి."

మూడు తలలు వంగాయి పటం మీదికి.

ఉత్తరాన అలలుండవట.
మోకాలి లోతులో అరమైలు నడిచిపోవచ్చట.
ఓబులేశ్ వేలు అక్కడే ఆగిపోయింది.
కదిరి మనిషి. ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా
సముద్రమంటే భూగోళం పుస్తకంలో నీలిరంగు.
ఇప్పటికీ స్విమ్మింగ్ పూల్ దగ్గర
చెప్పులు విప్పకుండా నిలబడి
మా బట్టలకు కాపలా కాస్తాడు.

తూర్పున పగడాలు. లాస్యకి అవే కావాలి.
అద్దం అడుగున్న పడవలోంచి చూస్తే
చేపలన్నీ సిల్క్ బోర్డు దగ్గర ఆగినట్టు ఉంటాయట,
"కానీ హారన్లుండవమ్మా!"

పడమట సూర్యాస్తమయం. దానికి వేరే రేటు.
"సూర్యుడు ఒక్కడే కదా, రేట్లెందుకు రెండు?" అన్నాను.
చేతన్ నవ్వలేదు.
రోజుకొకరైనా అడుగుతారేమో.

నాకేం కావాలో ఎవరూ అడగలేదని కాదు.
అడిగారు.
చెప్పడం రాలేదు.

పూడిమడకలో సముద్రాన్ని ఎవరూ ఎంచుకోలేదు.
ఇంటి వెనకే ఉండేది,
దానికి వీపు పెట్టి అన్నం తినేవాళ్లం.
మంచి సముద్రం, చెడ్డ సముద్రం
మాకు చోట్లు కావు,
రోజులు.
వల బరువుగా వస్తే మంచిది.
అయ్య పొద్దుపోయినా రాకపోతే చెడ్డది.
అమ్మ ఇసక మీద నెత్తళ్లు ఎండేసి
కర్రముక్క ఒళ్లో పెట్టుకుని కాకులతో తగువాడేది.
"ఏటే గుంటా, ఆ నీలం సూసుకుంటా కూకుంటే
ఇయ్యి ఎవులు తిరగేత్తారు?"

బడిలో నా పక్క చోటు ఖాళీగా ఉండేది.
వాసన.
తర్వాత ఇరవై ఏళ్లు ఈ ఊళ్లో
దాన్ని నేనే నా పక్కన కూర్చోనివ్వలేదు.
బసవనగుడిలో మొదటి ఇంటి ఓనరమ్మ
తాళంచెవి ఇవ్వబోయి ఆగి
"నాన్ వెజ్ మాడల్ల తానే?" అంటే
హమ్మయ్య అనుకున్నాను.
ఆ హమ్మయ్యని
ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

పటంలో దక్షిణం కొసన, గ్లాసు కింద,
చిన్న వంపు ఒకటి సగం కనిపించింది.
పేరుంది. బొమ్మ లేదు.
"ఇదేంటి?"

చేతన్ గ్లాసెత్తాడు.
పటం మీద గుండ్రంగా తడి.
"అల్లి బేడ మేడం.
బెస్తవాళ్ల ఊరు. ఒడ్డంతా వలలు, పడవలు, ఎండుచేపలు.
పోయినసారి ఒక ఫ్యామిలీని పంపితే
రాత్రికి రాత్రే రూమ్ మార్చమన్నారు.
స్మెల్లు."

ఆ మాటకి అతని ముక్కు ముడుచుకుంది.
పాపం, అతని తప్పు కాదు.
ఆ ముడత నాకు పాత పరిచయం,
ఐదో తరగతి, రెండో బెంచీ.

"అక్కడొక రాత్రి వెయ్యండి" అన్నాను.

ఓబులేశ్ నా వంక చూశాడు.
పెళ్లైన కొత్తలో ఒకసారి అడిగాడు,
మీ ఊరి ఎండుచేప వండవేం అని.
బెంగళూరులో మంచివి దొరకవు అన్నాను.
రస్సెల్ మార్కెట్ అప్పుడూ ఉంది.
ఆయనకీ తెలుసు.
ఇప్పుడేమీ అనలేదు,
పటం మీంచి తన వేలు తీసి
తడిని రుమాలుతో అద్దాడు.

ఉత్తరాన మూడు, తూర్పున ఒకటి, దక్షిణాన ఒకటి.
సూర్యాస్తమయం వదిలేశాం.
చేతన్ రాసుకున్నాడు, దక్షిణం పక్కన
చిన్న ప్రశ్నార్థకం పెట్టి
అడ్వాన్సు తీసుకున్నాడు.

కిందికొచ్చేసరికి వాన మొదలైంది.
పూలమ్మేవాళ్లు బుట్టల మీద ప్లాస్టిక్ కప్పుతున్నారు.
ఆటో కోసం చెయ్యెత్తుతూ లాస్య అడిగింది,
"అమ్మా, ఆ లాస్ట్ బీచ్‌లో
చూడ్డానికి ఏముంటాయి?"

కాకులు, అన్నాను.