నాలుగింటి నుంచి నాలుగింటిదాకా

నారాయణపేట, సాలోళ్ల గల్లీ.
మగ్గం గుంత అంచుకు కూసోని
ఒళ్లో టాబ్లెట్ తెరిచిన.
ఇందులో దినం తెల్లారుజామున నాలుగింటికి పుట్టి
మళ్లా నాలుగింటికి సచ్చిపోతది.
నలభై ఎనిమిది గడులు, గడికి అరగంట.

"నిన్న నాలుగింటికి ఏం చేస్తున్నవమ్మా?"
"నాలుగింటికా? అప్పటికే వాకిలూడ్చిన, నీళ్లు నింపిన.
నల్లా వచ్చేదే మూడున్నరకు."
ఇయ్యాల్టి మూడున్నర
నిన్నటి ఖాతాలో పడతదని చెప్పిన.
అంబుబాయి కండె ఆపకుండనే నవ్వింది.
"అంటే నేను ఇయ్యాల
నిన్నట్ల లేచిన్నన్నట్టు."

ప్రతి పనికీ ఒక అంకె.
ఆ అంకెలు నేను పెట్టినవి గావు.
యాడనో చల్లటి దేశంల, పొడుగు బల్ల చుట్టూ
ఇన్ని దేశాలోళ్లు ఏండ్లకేండ్లు కూసోని
ఒక్కో మాటకు కొట్లాడి
చివరికి సంతకాలు పెట్టినవి.
పాలమూరు ట్రైనింగుల నజీరుద్దీన్ సారు అన్నడు:
"ఇక్కడి అరగంటను పెరూ అరగంట పక్కన నిలబెడితే
రెండూ ఒక్క ఎత్తుండాలె.
లేకుంటే అది లెక్క గాదు, ముచ్చట."
ఆ మాట నాకు నచ్చింది.
ఇప్పటికీ నచ్చుతది, అబద్ధమెందుకు.

గుంతలకెల్లి విఠోబా అందుకున్నడు.
"పన్నె తీరు.
పంటికి పంటికి నడుమ సందు ఒక్కతీరుంటేనే
గుడ్డ గుడ్డయితది."
అని నాడె విసిరిండు.

"ఆరింటికి?"
"కండెలు చుడుతున్న."
రాసిన.
"కాలికి ఊయల తాడు కట్టుకున్న, మనవరాలు లేస్తదని."
రాసిన.
"పొయ్యి మీద పప్పు."
రాసిన. మూడయినయి.
అరగంటల మూడు పనులే పడతయి.
"అత్త దగ్గుతుంటె చెవి అటే ఉండె.
నిన్న మొన్న దగ్గుల నెత్తురు పడ్డది."
నా వేలు గాలిల ఆగింది.
చెవికి అంకె లేదు.

"పంట్లె రెండు పోగులే," అన్నడు విఠోబా,
నా మొఖం చూడకుండనే.
"మూడోది దూరిందా,
చీర పొడుగూత గీత పడతది.
సేటు వాపస్ పంపుతడు."

యంత్రం మూడు పనులకు అరగంటను సమంగ పంచింది.
పదినిమిషాలు కండెలు,
పదినిమిషాలు పప్పు,
పదినిమిషాలు ఊయల.
పిల్ల మాత్రం అరగంట నిద్రపోయిందంట.

కండెలు చుట్టుడు కింద ఇంకో ప్రశ్న:
కూలి ఎంత?
"ఎవరిస్తరు?"
అయితే దానికీ ఒక పేరుంది, చదివి వినిపించిన:
ఇంటి పనికి కూలి లేని సాయం.
"సాయం," అన్నదామె,
ఉప్పు సరిపోయిందా లేదా అని
నాలికె మీద ఏసుకొని చూసినట్టు.
"నేను చుట్టకుంటే ఆయన నాడె ఉత్తదే ఆడాలె.
రాసుకో మరి, ఎవరు ఎవరికి సాయమో."

దానికి గడి లేదు.
నేను సిగ్గుపడి
"తొమ్మిదింటికి?" అన్న.

అన్నీ అయినంక, సంచి సర్దుకుంటుంటే అడిగింది:
"నీతోని మాట్లాడిన ఈ పొద్దంతా
ఏ డబ్బల రాసినవ్?"
రాయలేదని చెప్పిన.
అడిగేది నిన్నటి దినమే.
దీన్ని రాయాలంటే
రేపు ఇంకొకడు రావాలె.

మరికల్ దాటినంక బస్సుల సిగ్నల్ దొరికింది.
ఆకుపచ్చ టిక్కు పడి
అంబుబాయి దినం ఎగిరిపోయింది,
ఎన్నెన్నో దేశాల ఆడోళ్ల దినాల పక్కన
ఒక్క ఎత్తుకు నిలబడనీకి.

నేను కూసున్న గంటన్నరల
ఆమె బుట్టల పదకొండు కండెలు పడ్డయి.
చూపుతోనే లెక్కపెట్టిన.
పన్నెండోది సగం చుట్టి ఉండె, నేను లేచేటప్పటికి.