రెండున్నర

మస్తాన్ సాయిబు కొట్లో నేను చేరింది తుప్పు గీకడానికి.
ఇంగ్లీషు రాదు నాకు. గుర్తులొచ్చు.
సంతపేటలో గోతాల అంగడి పక్క సందు.
తుపాకిని విరిచి, గొట్టాలు ఊడదీసి
బల్లమీద వెల్లకిలా పడుకోబెడతాం.
పైనుండే లతలూ బాతులూ కంపెనీ పేరూ
కొనేవాళ్ళ కోసం.
అసలు మాటలు పొట్టకింద ఉంటాయి,
పుట్టుమచ్చల్లాగా, చెక్క మూసేసిన చోట.

కిరీటం ఒకటి. దాని కింద అడ్డదిడ్డంగా రెండు దండాలు.
"బర్మింగ్‌హామ్" అంటాడు సాయిబు,
నిన్ననే బస్సు దిగొచ్చినట్టు.
అక్కడొక ఇంట్లో, కొత్త గొట్టంలో
మామూలు కన్నా ఎక్కువ మందు కూరి
గోడవతల నిలబడి పేలుస్తారంట.
పగలనిదానికే ముద్ర.
మా ఊళ్ళో ఎద్దుకి వేసే వాత
అది ఎవరిదో చెప్తుంది.
ఈ వాత ఎంత ఓర్చుకుందో చెప్తుంది.
ఇంకెంత ఓర్చుకుంటుందో చెప్పదు.

ఎలక్షన్లు అయిపోయిన వారానికి
స్టేషన్లోంచి విడిపించుకుని, నులకతాడు చుట్టుకుని
సీతారామపురం బస్సులో తెచ్చింది చెంచమ్మ.
శనక్కాయ చేలో పందులు.
"మా మామది. లైసెన్సు ఇప్పుడు నా పేరు మీదుండాది.
తంతాది సామీ ఇది.
ఆయన భుజం ఎప్పుడూ నేరేడుపండే.
కోపిష్టిది అనేవాడు."

కిరీటం పక్కన డైమండు,
డైమండులో పన్నెండు, దాని కింద సి.
గది పొడవెంతో మాత్రం రాసి లేదు.
అంత పాతది. ఆ రోజుల్లో రాసేవాళ్ళు కాదు.
రాయని చోట ఊహించకురా, కొలువు, అంటాడు సాయిబు.
ఇత్తడి కొలబద్ద లోపలికి జారింది,
రెండున్నర అంగుళాల దగ్గర ఆగింది.

చెంచమ్మ సంచిలోంచి తూటా తీసింది.
ఎర్ర ప్లాస్టిక్, రెండుముప్పావుది.
తనే గొట్టంలో వేసి, తనే మూసింది.
టక్.
"సరిపోయిందిగా?"

సరిపోతుంది. అదే దాంట్లో మోసం.
పేలిన తూటా ఒకటి దాని పక్కన నిలబెట్టా.
మూతి మడత విప్పుకుని, వక్కపొడి పొట్లంలాగా.
"మడిచినప్పుడు పొట్టి అమ్మా ఇది.
పేలినప్పుడు విప్పుకోవాలి.
విప్పుకోడానికి పావంగుళం చోటు లేదు లోపల.
ఆ పావంగుళం గొంతులోకి పోయి అడ్డం పడుతుంది,
గుండ్లన్నీ ఆ ఇరుకులోంచే దూరాలి,
ఒత్తిడి వెనక్కి తంతుంది."

ఆమె వేళ్ళమీద ఏవో లెక్కపెట్టింది.
"ఇరవైమూడేళ్ళు కాపడం పెట్నా ఆ భుజానికి."
కాసేపాగి నవ్వింది.
"దానికి చోటు చాలక ఆయన్ని తన్నె.
ఆయన నొప్పికోర్వలేక మమ్మల్ని తిట్టె.
మేం పోయి పందుల్ని తిడితిమి."

సాయిబు గొట్టాన్ని కిటికీకేసి ఎత్తి
ఒంటికన్నుతో చూశాడు.
లోపల అద్దంలాగా ఉంది.
ఆయన మొహం మాడింది.
మెరిసిందంటే ఎవడో గీకాడని.
ముద్రలో పదమూడు కింద ఒకటి అని ఉంది,
కొలిస్తే అది దాటిపోయింది.
తుప్పుతో పాటు గోడ కూడా పోయింది.
(నేనూ గీకేవాణ్ణే. చేతులు వెనక్కి పెట్టుకున్నా.)

"గోడకి తగిలించుకో తల్లీ, కాల్చొద్దు."
"గోడకుంటే పందులు చూసి పోతాయా సాయిబూ?"
ఆయన దగ్గర జవాబు లేదు. టీ తెప్పించాడు.

పోయేముందు ఆ గుర్తులు రాసిమ్మంది.
బస్సు టికెట్టు వెనక బొమ్మలేశా:
కిరీటం, దండాలు, డైమండు, పదమూడు కింద ఒకటి.
దండాలు ఎండుపుల్లల్లాగా వచ్చాయి.
చివర్న ఎవరూ ముద్ర కొట్టని మాట,
తెలుగులో, నా చేత్తో:
రెండున్నర.

టికెట్టు మడిచి రైకలో పెట్టుకుంది.
ఎర్ర తూటాలు పదకొండు
బల్లమీదే వదిలేసింది.
పన్నెండోది గొట్టంలో ఉండిపోయిందని
సందు చివరిదాకా పరిగెత్తా.