పచ్చ జెండా

మా కోటర్సుకు రాత్రి రాదు.
గుంతకల్లు యార్డులో ఎత్తు స్తంభం మీది దీపం
కిటికీలోంచి తెల్లగా కారుతానే ఉంటుంది.
మారెక్కకు పదకొండు నెలలు,
చీకటంటే ఏందో దానికింకా తెలీదు.

దీపాలు పెట్టేయాళకు పండుకుంటుంది,
నేను అన్నం కలుపుకునేసరికి లేస్తుంది.
మళ్లీ పదికి. మళ్లీ పదకొండున్నరకు.
ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది:
రోజూ ఒకే యాళకు నీళ్లు పోయి,
ఒకే యాళకు పాలియ్యి, దీపమార్పు.
ఏ దీపమమ్మా ఆర్పేది?
రైల్వేదా?

జేజి ఉప్పు తిప్పి పొయ్యిలో ఏసింది.
చిటపటమనింది, చూడు ఎంత దిష్టో అనింది.
గ్యాసు మంట మీద ఉప్పు
చిటపటమనక ఏం చేస్తుంది!

ఓబులేసు గూడ్సు బండికి గార్డు.
గార్డు అనగూడదంట ఇప్పుడు, మేనేజరంట.
పేరు మారింది గానీ నిద్ర మారలేదు.
రాయచూరు పోయొచ్చి పగలంతా పండుకుంటాడు,
పక్కనే అది.
తండ్రికీ కూతురికీ ఒకటే గురక.
కుక్కరు కూత పెట్టకుండా
పప్పు ఉడికించేది నేను.

ఒకనాడు ఆయన పెట్టెలోంచి పచ్చ జెండా లాక్కుంది.
మూల నోట్లో పెట్టుకొని
ముక్కుకు రుద్దుకుంటా
నిమిషంలో వాలిపోయింది.
గ్రీజు, ఇనుము, చెమట, రాయచూరు దుమ్ము,
ఏ వాసనకో మరి.
ఆ రోజు నుంచి జెండా లేనిది కన్ను మూయదు.

ఒంటిగంటా నలభైకి ఫోను వణుకుతుంది,
నంద్యాలకు బండి.
బూట్లు చేతపట్టుకొని మంచం కాడ
గొంతుక్కూచుంటాడు.
రాత్రికి లాంతరు చాలదా అంటే
డోన్ దాటేసరికి తెల్లారుతుంది అంటాడు.
ఒక్కో వేలూ విప్పుతాడు.
చిటికెనవేలు, ఉంగరపువేలు...
బొటనవేలి కాడికొచ్చేసరికి
అన్నీ మళ్లీ మూసుకుంటాయి.
“బండి లేటైతే ఏమని రాసేది, మారెక్కా?”
దాని పిడికిలినే అడుగుతాడు.

నా పాత పచ్చలంగా కత్తిరించి
అంచు కుట్టి ఇచ్చినా.
వాసన చూసి విసిరికొట్టింది.
ఓబులేసు ఏమీ అనలేదు.
ఆ గుడ్డ మడిచి చొక్కా లోపల పెట్టుకొని
నంద్యాల, గుత్తి, ఎర్రగుంట్ల,
మూడు డ్యూటీలు తిప్పి తెచ్చినాడు.

ఇప్పుడా గుడ్డ చుట్టుకొని పండుకుంది.
నా చెవితమ్మె గూడా దాని చేతిలోనే ఉంది,
అది మాత్రం నర్సమ్మకు చెప్పలేదు.

బయట బండి కదుల్తా ఉంది.
చివరి పెట్టెలోంచి పచ్చ దీపం ఊపుతుంటాడు, డ్రైవరుకు.
నాకెవరూ ఊపలేదింకా.
మెడ వంచుకొని కూచున్నా,
చెవి వదిలేదాకా.