ఇంటిపేరు లేని అంకె

రెండువందల పద్నాలుగో లైను.
0.0271
పక్కన రెండే రెండు మాటలు: పేపర్ నుంచి.

ఏ పేపరు, ఎవరిది, ఎప్పటిదని
లీగి నన్నే అడిగింది.
గుర్తులేదన్నాను.
పనిచేస్తోందిగా అన్నాను,
వాడుకునేవాడికి ఫార్ములా చాలు, దాని గోత్రం దేనికి?

తార్తులో జనవరి. మూడున్నరకే దీపాలు.
ఆమెకి అప్పగించింది చిన్న పని:
సరస్సు మీద మంచు మందాన్ని లెక్కగట్టే ప్రోగ్రాముకి
నలుగురికీ అర్థమయ్యే డాక్యుమెంటేషన్.
ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, ఏ ఫంక్షన్‌కి ఏమివ్వాలి, అంతే.
ఊరూ పేరూ లేని ఆ అంకె దగ్గర
ఆమె పెన్సిలు ఆగిపోయింది.

లింకు నొక్కితే ఖాళీ పేజీ.
నాలుగు రోజులు లైబ్రరీ నేలమాళిగలో
దుమ్ముకి తుమ్ముతూ వెతికింది.
డెబ్భై తొమ్మిదిలో సైక్లోస్టైల్ చేసిన సభా సంపుటం,
ఎనభై ఎనిమిదో పేజీ, రచయిత్రి ఎహ ఉయ్‌బో,
మూడు చలికాలాలు, మంచులో నూట పన్నెండు రంధ్రాలు,
పట్టిక చివర అంకె:
0.0217

ఒకటీ ఏడూ కుర్చీలు మార్చుకున్నాయి.
నా వేళ్ల కింద. పదకొండేళ్ల క్రితం.
నలభై మూడు సెంటీమీటర్ల మంచుని
యాభై నాలుగని చెబుతూ వచ్చాం
బండ్లు తోలుకెళ్లేవాళ్లకి.

మార్పుల చరిత్రలో ఆ లైను పక్కన నా పేరుంది.
లీగి చూసే ఉంటుంది.
ఏమీ అనలేదు. కాఫీ తెచ్చి పెట్టింది.

ఎహకి ఇప్పుడు ఎనభై ఆరు. చెవులు సరిగా వినబడవు.
ఫోన్‌లో గట్టిగా నవ్వింది:
"అది నాదనుకున్నావా?
కోల్క్యాలో తెరెంతి అని చేపలు పట్టేవాడు,
గడకర్రతో మంచుని తట్టి
చప్పుడు విని మందం చెప్పేవాడు.
నాది కాకిలెక్క.
అతని మాటతో కలిసేదాకా
దిద్దుకుంటూ పోయాను.
చివర్లో కృతజ్ఞతలు రాశాను కూడా,
కాగితం చాలదని సంపాదకుడు కోసేశాడు."

సాయంత్రం నా ముందుకి సమీక్షకొచ్చింది:
ఉయ్‌బో, ఎ. 1979. పుట 88.
కింద ఇంకో వరస
తెరెంతి, కోల్క్యా. నోటిమాట.

దీనికి ఫార్మాట్ లేదు, అందామనుకున్నాను.
నోరు పెగల్లేదు.
నా రెండు మాటలు చెరిపేసి
అంకె దిద్ది
తప్పు ఎవరిదో ఒక వాక్యంలో రాసి పెట్టాను.

సంవత్సరం గడి ఖాళీగా ఉంటే
ఉపకరణం ఎర్రగా మొరాయిస్తోంది.
లీగి మళ్లీ ఫోన్ చేసింది.
ఏ సంవత్సరమా? అంది ఆవిడ,
ఉండు, చెబుతాను,
తెరెంతి ఇంటి అటక మీద
ఉల్లిపాయలు రాళ్లయిపోయిన ఏడాది.

లీగి అలాగే టైపు చేసింది.
ఇంకా ఎర్రగానే ఉంది.